అరచెయ్యి లేస్తే ఆగాలె

జూన్ 9, ఆదివారం

ఈ డైరీ పోయినేడు రింగ్ రోడ్ మార్కెట్ల ఒక చీరల సేటు ఇచ్చిండు. దీంట్ల తారీకులన్ని ఇప్పుడు తప్పు. కొట్టేసి నావి రాస్తున్న. రాసుడంటె నాకేం శౌకు లేదు, బల్లెం నేర్పే మేడం రాయమన్నది. "ఏ రోజు నేర్చుకున్నది ఆ రోజు రాసుకోండి, నాకు చూపించక్కర్లేదు" అన్నది. చూపియ్యమన్నా చూపియ్య.

అయింది గిది. పొద్దుగాల పాల పాకిట్లు తీస్కొని వస్తుంటే బడి వరండల పదిమంది బల్లేలు పట్టుకొని నిలవడ్డరు. అసలు బల్లేలు కావు, ఏడడుగుల వెదురు కట్టెలు, కొసకు రబ్బరు బుడిపె. ఒక్కొక్కడు ముందు చెయ్యి బిగవట్టి ఎనక చేత్తోని నూకుతున్నడు. ముందు చెయ్యి బిగవడితే కట్టె యాడికి పోతది? నాకు నవ్వాగలే. "అయ్యో, గిట్లనార పట్టుడు!" అన్న.

నేను మెల్లగనే అన్న. అందరు తిరిగి సూసిండ్రు.

నడుమల ఒకామె, యాభై ఏండ్లుంటయి, నెరిసిన జుట్టు, పాయింటు షర్టు. "నవ్వడం తేలికేనండీ. వచ్చి పట్టుకోండి, చూద్దాం" అన్నది తెలుగుల. ఆంధ్ర దిక్కు మాట. పేరు ఛాయాదేవి, బ్యాంకుల ఆఫీసరట. వయసుల ఉన్నప్పుడు కత్తి ఆటల మెడల్ తెచ్చిందట, ఇప్పుడు పాతకాలం యుద్ధాల పుస్తకాలల్ల బొమ్మలు సూసి, బల్లెం ఎట్ల పట్టేదో, ఎట్ల పొడిచేదో నేర్పుతది.

పాలపాకిట్లు గోడ మీద పెట్టి పట్టుకున్న. ముందు చెయ్యి వదులు, ఎనక చెయ్యి నడుముకాడికెల్లి ఒక్క నూకుడు. కట్టె సర్రున పోయింది. మేడం నోరు తెరిచింది.

"ఎక్కడ నేర్చుకున్నారు?"

"యాడ లేదు. కార్ఖానల బూజు దులుపుత."

నిజమే. సిరిసిల్లకెల్లి వలసొచ్చి ఇరవయ్యారేండ్ల సంది ఉధ్నాల బట్ట నేసే కరెంటు సాంచెల మీద పని. వారానికొకపారి పన్నెండడుగుల కట్టెతోని కప్పు మీద బూజు దులిపేది నేనే, కింద సాంచెలు నడుస్తుంటె. తిరిగే బెల్టు పట్టాల నడుమకెల్లి కట్టె పోవాలె, మళ్ల రావాలె. జర తప్పితే చెయ్యి పోతది. నా చెయ్యి పోలే.

జూన్ 12, బుధవారం

కట్టె ఇంటికి తెచ్చుకున్న. మేడం చెప్పింది మరువకముందే రాస్త.

మొదటి పట్టు: రెండు బొటనవేళ్లు మొన దిక్కే. ముందు చెయ్యి ఉంగరం లెక్క, కట్టె దాంట్లకెల్లి జారాలె. పోటు అంత ఎనక చేతిదే. రెండో పట్టు: ముందు చెయ్యి తిరగేసుడు, బొటనవేళ్లు ఎదురెదురు. గిట్ల పడితే పక్కకు కొట్టుడు, ఎదుటోని కట్టెను తోసుడు మంచిగొస్తది గని పోటు పొట్టిగైతది. మూడోది ఒంటి చేత్తోని నెత్తి మీదికెత్తి పైకెల్లి కిందికి. అది నాకు రాలే, బుజం పట్టేసింది.

బుజం పట్టేస్తె కనకవ్వ ఆముదం రాసుకుంట ఒర్లింది. మాట మాట్లాడితె ఒర్లుడే. పెండ్లయిన కొత్తల ఎంత మెల్లగ మాట్లాడేది! వయసొచ్చి గయ్యాళిదైంది. పొద్దుగాల డ్యూటికి పోతుంటె ఎనకకెల్లి "పోయిరా" అనేది. గిప్పుడు అది గూడ అంటలేదు. ఎన్నేండ్లాయెనో. అడుగుదామంటె నాకేం అక్కర.

జూన్ 23, ఆదివారం

అడుగులు. ముంగటికి పోయేటప్పుడు ముందు కాలు ముందుగాల. ఎనకకు పోయేటప్పుడు ఎనక కాలు ముందుగాల. కాళ్లు పెనవేసుకోవద్దు. కండ్లు ఎదుటోని మీదికెల్లి తీయొద్దు. "వెనక్కి తగ్గండి, ఎంతైనా తగ్గండి. వెనక్కి మాత్రం తిరగొద్దు" అన్నది మేడం. మంచి మాట.

మేడం నోరు మంచిగ తెరిచి మాట్లాడతది. గందుకే నాకు నచ్చింది. ధవల్ అని ఒక పోరడున్నడు, పోరడంటె ముప్పయికి దగ్గర, కతర్‌గామ్‌ల వజ్రాలు సాన పడతడు. వానికి నోట్ల గుట్కా లేకున్న ఉన్నట్టే మాట. "కాకా" అన్నదొక్కటి తెలుస్తది, మిగిలింది వాడే నములుకుంటడు. గని ఆట మంచిగాడతడు.

జూన్ 27

బిడ్డ వినోద ఫోన్ చేసింది సిరిసిల్లకెల్లి. ఫోన్ ఖరాబైంది, అంత గరగర. కనకవ్వ చేతికిచ్చిన.

జూలై 7, ఆదివారం

గియ్యాల ధవల్‌ను మూడుపార్లు పొడిచిన! వాడు నన్ను ఒక్కపారి.

"కాకా, ఎట్ల తెలుస్తది నీకు, నేను ఎటు వస్తనో?" అన్నడు. గిది మాత్రం మంచిగ తెలిసింది, ఎందుకంటె మొకంల మొకం పెట్టి అడిగిండు. బుజం సూస్త, అన్న. బుజం కదిలినంక చెయ్యి కదులుతది. పరుశురాంతోని ఇరవై ఏండ్ల సంది గట్లనే. పరుశురాంది నా పక్క సాంచెలు. ఆ చప్పుడుల ఎవడు మాట్లాడతడు? చేతులే మా నోళ్లు. అరచెయ్యి చూపిస్తె సాంచె బంద్ చెయ్యి. పిడికిలి లేపితె నడిపియ్యి. ముక్కు మీద వేలు పెడితె సేటొచ్చిండు. షిఫ్టంత నోరు తెరవకుంట ముచ్చట పెట్టుకుంటం మేము, నవ్వుకుంటం గూడ.

మేడం చెప్పింది: సెప్టెంబర్ ఒకటికి వడోదరకెల్లి ఒక జట్టు వస్తది, మనమందరం పోటీ ఆడాలె. బల్లేనికి మన దిక్కుకెల్లి ముగ్గురు. ముగ్గుర్ల నేనుండాలె. నలభై ఏడేండ్లల్ల నన్నెవలు దేనికి ఎంచుకోలే. సేటు గూడ కొత్త మిషిన్లొచ్చినంక నా సాంచెలు ఎనిమిదింటికి నాలుగు చేసిండు. గీ ఒక్కదాంట్ల నేనుండాలె, ఉంట.

జూలై 14, ఆదివారం

పోటీకి డాక్టర్ కాయితం కావాల్నట. గుండె, కండ్లు, చెవులు. గల్లీల డాక్టర్ దగ్గరికి పోయిన. మూతికి గుడ్డ కట్టుకొని ఏందేందో అడిగిండు. అన్నిటికి తలూపిన. సంతకం పెట్టిండు.

నాకు చెవులు బాగనే ఉన్నయి. మేడం మాట ఇంటలేనా? పరుశురాం ముచ్చట తెలుస్తలేదా?

జూలై 21, ఆదివారం

ముగ్గుర్ల నేనున్న. ధవల్, నేను, ఇంకొకామె. ఇంట్ల చెప్తె కనకవ్వ నవ్వింది, మళ్ల ఒర్లింది, "గీ వయసుల బల్లెమేందయ్యా!" అని. ఒర్లితె ఒర్లనియ్యి.

జూలై 28, ఆదివారం

రాయబుద్ధయితలేదు.

జూలై 29, సోమవారం

రాస్త. నా తప్పు లేదు, గందుకే రాస్త.

ధవల్, నేను ఆడుతున్నం. ఇద్దరికి మొకానికి జాలీ టోపీలు. మేడం నా ఎనక నిలవడ్డది. వాడు కట్టె నిలవెట్టి, ఒక చెయ్యి పైకి లేపిండు. నేను పోటు పెట్టిన. గా సందుల వాని టోపీ పైకి లేసి ఉన్నది. రబ్బరు బుడిపె సక్కగ మూతి మీద.

పై పెదవి చీరింది. ముందు పల్లు ఇరిగింది. వరండ బండల మీద నెత్తురు. దావఖానల నాలుగు కుట్లు.

మేడం "రుకో" అన్నదట. ఒక్కపారి కాదు, మూడుపార్లట. అందరు గదే అంటున్నరు. పదిమంది ఒక్కటై గదే అంటున్నరు! అన్నదేమో, మెల్లగ అన్నదేమో. ఆపేటోళ్లు జర గట్టిగ ఆపాలె గదా. మేడం నా ముంగటికొచ్చి, "నేను పిలిచేదాకా రావద్దు లింగమూర్తిగారూ" అన్నది. అది మాత్రం మంచిగ ఇనబడ్డది.

పోను. నాకేం గరజు. బూజు కట్టె నాకు ఉండనే ఉన్నది.

జూలై 30

రెండంగుళాలు పైకి పోతె కన్ను. వజ్రాలు సాన పట్టెటోని కన్ను.

జూలై 31, బుధవారం

గియ్యాల కార్ఖానల ఒకటైంది.

నా నాలుగో సాంచె పోగు తెగి ఆగింది. పోగు ముడేసి నిలవడ్డ. అవతలి కొసకెల్లి పరుశురాం పిడికిలి లేపిండు, నడిపియ్యమని. నాకు తెల్వకుంటనే చెయ్యి పోయి హ్యాండిల్ గుంజింది. నేను గుంజలే. చెయ్యే గుంజింది.

ఆడనే నిలవడ్డ.

ధవల్ లేపింది పిడికిలి. టోపీ పట్టీ కింద బొటనవేలు పెట్టి, చెవి పక్కన పిడికిలి. వాడు టోపీ తీస్తున్నడు. నేను నడిపియ్యమంటున్నడు అనుకున్న. ఇరవయ్యారేండ్ల అలవాటు, చెయ్యి దానంతటదే పోటు పెట్టింది.

సరే, చెయ్యిది గట్లయింది. మరి మేడం మూడుపార్లు ఒర్లింది ఏమైంది?

పరుశురాంను పట్టుకొని తిండి టైముల బైటికి తీస్కపోయి అడిగిన, "నీకు ఇనబడ్తదా?" అని. వాడు నా మొకం సూసి పండ్లికిలించిండు. "మనోళ్లల్ల ఎవనికి ఇనబడ్తదిరా? ఇనబడితె చేతులతోని ఎందుకు మాట్లాడుకుంటం?" అన్నడు. అది గూడ చేతులతోనే అన్నడు, బైట నిలవడి, సాంచె చప్పుడు లేనికాడ.

ఆగస్ట్ 2, శుక్రవారం

మాపటికి ఇంటికొచ్చి కాళ్లు కడుక్కొని కనకవ్వను పిలిచిన. "నా ఎనక నిలవడి ఏదన్న అను" అన్న.

"ఏమనాలె?"

"ఏదన్న. మామూలుగ."

గోడ దిక్కు మొకం పెట్టి కూసున్న. కూసున్న. కూసున్న. గోడ మీద సున్నం పెచ్చులు లెక్కవెట్టిన. ఇంక అంటలేదేందని తిరిగి సూస్తె, చీర కొంగు నోట్ల పెట్టుకొని ఏడుస్తున్నది.

"అన్నవా?"

తలూపింది. నాలుగుపార్లు అన్నదట.

"ఏమన్నవ్?"

పొయ్యికాడికి పోయింది. నేను ఎనకవడి పోయిన, కుండ పక్కకు పెట్టి ముంగట నిలవడ్డ. అప్పుడు చెప్పింది, నోరు పెద్దగ తెరిచి, నాకు తెలిసేటట్టు.

"పోయిరా అన్న. రోజు అంటనే ఉన్న కదయ్యా. నువ్వే ఎనకకు సూస్తలేవు."

ఎన్నేండ్లని అడిగితె ఎనిమిదో తొమ్మిదో అన్నది. కోపానికి ఒర్లుతలేదట. ఇనబడాల్నని ఒర్లుతదట. "గొంతు పోయిందయ్యా నాది, చుట్టుపక్కలోళ్లు నన్ను గయ్యాళిదంటరు" అన్నది.

నేను గూడ గదే అన్న గదా. గీ పుస్తకంల రాసిన గూడ. కొట్టెయ్య. ఉండనియ్యి, నా మొకానికి ఉండాలె.

ఆగస్ట్ 4, ఆదివారం

కతర్‌గామ్ పోయిన. ధవల్ ఇల్లు అడుగుకుంట అడుగుకుంట. వాళ్లమ్మ తలుపు తీసి నన్ను సూసి మల్ల వేసేసింది. తప్పేముంది. మెట్ల మీద కూసున్న. గంటకు వాడే వచ్చిండు, మూతికి పట్టీ.

చేతులు జోడించి, వచ్చిన హిందీల చెప్పిన. "నాకు ఇనబడ్తలేదు బేటా. ఇన్నొద్దులు నాకే తెల్వదు. తెలిసి గూడ తెల్వనట్టున్న."

వాడేదో అన్నడు. పెదవి వాచి ఉన్నది, కదుల్తలేదు. వాని మాట నాకు తెల్వకుంట చేసింది నేనే. బేవకూఫ్ లెక్క వాని మూతి దిక్కే సూసుకుంట నిలవడ్డ. వానికి సమజైంది. జేబుల వజ్రాలు మడిచే తెల్లకాయితం ఉంటె తీసి హిందీల రాసిండు: "చెవి లేదని ముందే చెప్పాలె కదా కాకా. నేను చెయ్యి చూపించేటోణ్ణి."

కాయితం ఇక్కడ పెడుతున్న, పేజీల మడిచి.

ఆడికెల్లి సీదా బడికి. మేడం ముంగట నిలవడ్డ. "మేడం, నాకు ఇనబడది. డాక్టర్ కాయితం ఉత్తదే" అన్న. ఆమె కోపం నేను అనుకున్నదానికన్న ఎక్కువనే ఉన్నది. మొకం ఎర్రగైంది.

"కన్ను పోయుంటే ఎవరిదండీ బాధ్యత? మీదా, నాదా? వినపడని మనిషిని నేను ఆడించలేను. వడోదర వాళ్లు అసలే ఒప్పుకోరు."

"చెవులు లేవు. కండ్లున్నయి. ఆగుమని చెవులకు ఎందుకు చెప్తరు, కండ్లకు చెప్పుండ్రి."

"ఎలా?"

అరచెయ్యి లేపి చూపిన. "గిది మా కార్ఖానల బంద్. దీనికి ఆగనోని చెయ్యి సాంచెల పడతది. ఇరవయ్యారేండ్లు ఆగిన. పది వేళ్లున్నయి, లెక్కవెట్టుకోండ్రి."

రెండు చేతులు ఆమె ముంగట పెట్టిన. నిజంగనే సూసింది.

"పోటీతో కలిపి నాలుగు ఆదివారాలున్నాయి. ఎవరైనా, ఎప్పుడైనా, ఎక్కడినుంచైనా చెయ్యి లేపుతారు. ఒక్కసారి ఆగకపోయినా మీరు బయటికి. ఇంక నన్ను అడగొద్దు."

"ఒక్కపారి ఆగకుంటె నేనే పోత. మీరు చెప్పే పని లేదు."

ఆగస్ట్ 11, ఆదివారం

ఇరవై మూడుపార్లు లేపిండ్రు. ఆగిన.

ఎనక నిలవడి గూడ లేపిండ్రు, అది కనవడది. అప్పుడు ఎదుటోడు ఆగుతడు గదా, వాని బుజం సూసి ఆగిన. మేడం అది ఒప్పుకోలే. "అది అదృష్టం, పద్ధతి కాదు" అన్నది. గిప్పుడు నియమం ఏందంటె రెండు చేతులు లేవాలె, ఇద్దరు మనుషులు, ఎదురెదురు కొసలల్ల. పిడికిలి మాత్రం ఎవలు లేపొద్దు. టోపీ తీయాలంటె ముందుగాల కట్టె కింద పెట్టాలె. నా కోసం పెట్టిన నియమం గిప్పుడు అందరికైంది. ఒకడు గొణిగిండు. నాకు ఇనబడలే, ఇనబడకపోవుట్ల ఒక సుఖం గూడ ఉన్నది.

ఆగస్ట్ 18, ఆదివారం

ముప్పయి ఒకటి. ఆగిన. ధవల్ వచ్చిండు, ఇంక ఆడొద్దన్నడట డాక్టర్. ఒక కొసకు చెయ్యి లేపేటోడు వాడే.

ఆగస్ట్ 25, ఆదివారం

వాన. వరండల నీళ్లు. అయినా ఆడినం. జారి పడ్డ, పడేటప్పుడు గూడ ధవల్ చెయ్యి సూసిన.

పరుశురాం వచ్చి కూసున్నడు సూసుటానికి. అందరికి మా కార్ఖాన చేతి మాటలు నేర్పిండు. సేటొచ్చిండు అన్నది అందరికి మస్తు నచ్చింది.

సెప్టెంబర్ 1, ఆదివారం

వడోదరోళ్ల పెద్దమనిషి ఒప్పుకోలే. చెవుల ముచ్చట మేడమే చెప్పింది ముందుగాల, దాచలే. ఆయన తలకాయ అడ్డంగ ఊపిండు. మేడం ఆయనతోని అరగంట మాట్లాడింది. ఏం మాట్లాడిందో తెల్వది, నా దిక్కు వీపు పెట్టింది. ఆఖరికి ధవల్ పోయిండు నడుమలకు. తన పెదవి మీది కుట్ల జాగ ఆయనకు చూపెట్టిండు. చూపెట్టి, నా దిక్కు వేలు పెట్టి, ఏదో అన్నడు. ఆయన నా దిక్కు సూసిండు, ధవల్ దిక్కు సూసిండు. ఆడుమన్నడు.

తర్వాత అడిగితె ధవల్ చెప్పిండు: "గీ దెబ్బ తిన్నోణ్ణి నేను. నేనే చెయ్యి లేపుత అంటున్న. మీకేం భయం?"

ఐదు పోట్లు ఎవలివి ముందైతె వాళ్లు గెలిచినట్టు. నా ఎదుటోడు పాతికేండ్లోడు, పొడుగు చేతులు, బాణం లెక్క వస్తడు. మొదటి రెండు వానివే. మూడోది నేను రెండో పట్టుకు మారి వాని కట్టె పక్కకు తోసి పెట్టిన. మల్ల ఒకటి. వాడొకటి. నేనొకటి. మల్ల చెరొకటి. నాలుగు నాలుగైంది. కనకవ్వ అరుగు మీద నిలవడి ఒర్లుతున్నది, నోరు సూస్తె తెలుస్తున్నది.

వాని బుజం లేసింది. నెత్తి మీదికెల్లి వస్తడని నాకు తెలిసిపోయింది. ఎనక కాలు, ముందు కాలు, జరిగిన. వాని పోటు గాలికి పోయింది. వాని ఛాతి మొత్తం తెరిచి ఉన్నది. ముందు చెయ్యి వదిలి ఎనక చేత్తోని నూకిన. గదే నా ఐదో పోటు. గెలుపు అది.

వాని బుజం పక్కకెల్లి ధవల్ అరచెయ్యి లేసింది.

ఆగిన.

కట్టె మొన వాని ఛాతికి జానెడు దూరంల ఆగింది. మొన కదల్లే. వాని టోపీ పట్టీ ఊడి వేలాడుతున్నది. రబ్బరు బుడిపె జర పైకి జారితె సీదా గొంతు. ధవల్ చెయ్యి అట్లనే లేపి ఉన్నది, వాని కండ్లల్ల నీళ్లు.

మల్ల షురూ చేసిండ్రు. ఆ పాతికేండ్లోడు సర్రున వచ్చి పెట్టేసిండు. ఓడిపోయిన, ఐదు నాలుగు.

వడోదర పెద్దమనిషి నా దగ్గరికొచ్చి చేతులు పట్టుకొని ఏదో అన్నడు, పెద్ద మీసాలు, పెదవులే కనవడలే. మేడం మాత్రం నా మొకంల మొకం పెట్టి అన్నది, "ఆ పోటు ఆపారు చూశారా, అది నాకు ఇరవై ఏళ్లు పట్టింది."

తొమ్మిదిపార్లు ఆపిండ్రు. తొమ్మిదిపార్లు ఆగిన. గెలిచినోడు ఒకపారి ఆగలే, చెవులుండి గూడ! అది ఎవలన్న రాసిండ్రా? నేను రాస్తున్న.

ఓడినందుకు బాధనే ఉన్నది. లేదంటె అబద్ధం. వచ్చేయేడు మళ్ల వస్తడు గదా వాడు, రానియ్యి.

సెప్టెంబర్ 2, సోమవారం

డ్యూటికి పోయేముందు సద్ది డబ్బ పట్టుకొని గడప దగ్గర ఆగిన. కనకవ్వ దిక్కు మొకం పెట్టిన. ఎనక కాలు ముందుగాల, తర్వాత ముందు కాలు. కండ్లు ఆమె మీదికెల్లి తీయలే. గడప దాటిన. మెట్లు దిగిన. గల్లీల పాలోడు సైకిలాపి సూసిండు, పక్కింటి లలితమ్మ నవ్వింది. నవ్వుకోనియ్యి వాళ్లను.

పదకొండు అడుగులకు కనకవ్వ నోరు కదిలింది. ఒర్లలే. మెల్లగ అన్నది, పెండ్లయిన కొత్తల అన్నట్టు.

పోయిరా.

"పోయొస్త" అన్న. గట్టిగనే అన్ననట, గల్లీ అంత ఇనబడ్డదట.